ఉంగరం లేని ఫోటో

అమ్మా,

ఇక్కడ ఇద్దరం కులాసా. ఫోటోలో నా వేలికి ఉంగరం లేదని నువ్వు బెంగపెట్టుకున్నావట, చెల్లి రాసింది. నీ అల్లుడుగారితో పోట్లాటేమీ లేదు. తలలో గ్రంథికి ఆపరేషన్ అయ్యాక నాకు గ్రోత్ హార్మోన్ ఊరడం మానేసింది కదా, దానికి రోజూ పడుకోబోయే ముందు సూది వేసుకుంటున్నాను. మొదట్లో ఒంటికి నీరు పట్టి వేళ్ళు వాచాయి. సబ్బు రాసి ఉంగరం ఊడదీసింది ఆయనే. డాక్టరమ్మ మోతాదు తగ్గించాక వాపు పోయింది, ఉంగరం మళ్ళీ వేలికెక్కింది.

నిన్న లాండ్రీలో తడి దుప్పట్ల బుట్ట మోయాలి. ఎప్పుడూ ఒక పిడి నేను, ఒక పిడి అక్కడ నాతో పనిచేసే జతగత్తె పట్టుకుంటాం. ఆవిడ చేతులు తుడుచుకుని వచ్చేసరికి బుట్ట లేదు, నేను మేడ మీద దుప్పట్లు ఆరేస్తున్నాను. “ఎవరు మోసిపెట్టారే నీకు?” అంది. ఒక్కదాన్నే మోశానని అప్పటిదాకా నాకూ తట్టలేదు.

బరువు మిషను ముల్లు మాత్రం కదలదు. “కొవ్వు కరిగి కండ పడుతోంది, ముల్లుతో నీకేం పని?” అంటుంది డాక్టరమ్మ. రక్తంలో చక్కెర కాస్త పెరిగిందని టీలో పంచదార మాన్పించింది. ఆవిడ మీద నాకు అదొక్కటే కోపం.

నీ మోకాలు ఎలా ఉంది? వంటింటి కుళాయి కారడం ఆగిందా? పొట్ట దగ్గర గుండీలు పట్టడం లేదని చెల్లికిచ్చేసిన నా నీలం కోటు వెనక్కి పంపమను. ఈ వయసులో ఇంకా పొడుగవుతుందా అని నాన్న అడిగారుగా, కోటు చేతులు పొడుగు చేయించక్కర్లేదని చెప్పు.

మీ ఇద్దరికీ నమస్కారాలతో,
నీ పెద్దది