అంబికను చంద్రిక మార్చారు

బెంగళూరు,
14-8-2006

పెదనాయనకు అంబిక నమస్కరించి రాస్తున్నది.

నేను క్షేమం. పిహెచ్‌డి సీటు వచ్చింది గానీ ఇంకా గట్టి కాలేదు. ఇది ఫిజిక్సూ బయాలజీ కలిపి చేసే కొత్త చదువు. ముందు నాలుగు నెలలు మూడు ల్యాబుల్లో పనిచేయాలి. నవంబరు పదికల్లా ఒక ఫిజిక్స్ ప్రొఫెసరూ, ఒక బయాలజీ ప్రొఫెసరూ నన్ను చేర్చుకుంటామని సంతకం పెట్టాలి. ఇద్దరికీ నచ్చే ప్రశ్న ఒకటి నేనే వెతుక్కోవాలి. దొరక్కపోతే మీరు చూసిపెట్టిన బాగేపల్లి హైస్కూలు టీచరు పనే గతి. మొదటి ల్యాబులో నలభై రోజులయ్యాయి. ఎల్లుండి రెండోదానికి మారుస్తున్నారు.

ఇట్లు
మీ అంబిక

తా.క. హాస్టల్లో రాగిముద్ద పెడతారు. గోడకేసి కొడితే తిరిగి చేతికి వస్తుంది. ఫిజిక్స్ వంటింటి నుంచే మొదలు.


చాకవేలు,
22-8-2006

చిరంజీవి అంబికకు పెదనాయన ఆంజనేయప్ప దీవించి రాసేది.

నీ ఉత్తరం చదివి మీ పెద్దమ్మ సుబ్బలక్ష్మమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు. నలభై రోజులకే తీసి పక్కన పెట్టారా తల్లీ? ముప్పై ఏళ్ళుగా పట్టుపురుగులు పెంచేవాణ్ణి, నాకు తెలియనిదా! పండిన పురుగును గూడు కట్టుకోమని వెదురు చంద్రిక తడిక మీద వేస్తాం. గూడు కట్టకుండా ఊరికే తిరుగుతుంటే ఏరి ఇంకో చంద్రికకు మారుస్తాం. అక్కడా కట్టకపోతే మూడోదానికి. మూడోదాని మీదా కట్టకపోతే కోళ్ళకు వేస్తాం. నువ్వు ఎంత మెత్తగా రాసినా సంగతి నాకు అర్థమయింది.

ధైర్యంగా ఉండు. హెడ్‌మాస్టరు నంజప్పను కలిశాను. "పాపకు కుర్చీ తుడిచి పెట్టిండాను, ఎప్పుడొచ్చినా సరే" అన్నాడు.

ఇట్లు
ఆంజనేయప్ప

తా.క. మీ పెద్దమ్మ అడగమంటోంది, ఆ ల్యాబువాళ్ళు కోళ్ళు పెంచుతారా?


బెంగళూరు,
3-10-2006

పెదనాయనకు, పెద్దమ్మకు నమస్కారాలు.

ఇక్కడ కోళ్ళు లేవు! మార్చడం శిక్ష కాదు, పద్ధతి. అందరినీ మారుస్తారు. నేనిప్పుడు మూడో ల్యాబులో, బయాలజీ భాను మేడం దగ్గర ఉన్నాను. చిక్కంతా ఇక్కడే. నేనేం చెప్పినా మేడం "ఇందులో ప్రాణం ఎక్కడుంది?" అంటారు. ప్రాణం ఉన్నది పట్టుకెళితే ఫిజిక్స్ పురుషోత్తమ్ సారు "ఇందులో లెక్క ఎక్కడుంది?" అంటారు. ఇద్దరి మధ్యా తిరిగి తిరిగి చెప్పులు అరిగాయి. నాకు ఈ చదువు చదవాలని ఎంత ఉందో చెప్పలేను పెదనాయనా. నంజప్ప గారిని కొన్నాళ్ళు ఊరుకోమనండి.

ఇట్లు
అంబిక

తా.క. ఈ కాగితం మేడం ల్యాబుది. అడుగున చిరునామా అచ్చయి ఉందని ఇప్పుడే చూశాను. మీరు మాత్రం చూడకండి.


చాకవేలు,
27-10-2006

చిరంజీవి అంబికకు ఆశీస్సులు.

చిరునామా నేను చూడలేదు. మీ పెద్దమ్మ చదివి చెప్పింది, నేను రాసుకున్నాను.

మేడంకు కన్నడంలో మర్యాదగానే ఉత్తరం వేశాను. "పురుగు గూడు కట్టకపోతే నేను పురుగును తిట్టను. కిటికీ తెరిచానా, గదిలో తేమ ఉందా అని చూసుకుంటాను. అదే పురుగు, అదే ఆకు. కానీ ముసురు రోజుల్లో కట్టిన గూటి నుంచి దారం తీస్తే ఊరికే తెగుతుంది. తప్పు గాలిది. మా పిల్ల మీద చిరాకుపడే ముందు మీ గదిలో గాలి ఎట్లుందో చూసుకోండి" అని రాశాను.

ఆమె కార్డు మీద ఒకే వాక్యం రాసి పంపింది: "తేమకు దారం ఎందుకు తెగుతుంది?" నాకు ఒళ్ళు మండింది. "ఎప్పుడు తెగుతుందో నాకు తెలుసు. ఎందుకో చెప్పడానికే కదా మీకు జీతం!" అని జవాబు వేశాను.

ఇక ఆ మూడో చోటా నీకు నూకలు చెల్లినట్టే. వచ్చే శుక్రవారం మన ఊరి మునినారాయణ టెంపో రామనగరం మార్కెట్టుకు గూళ్ళు వేసుకుపోతుంది. వచ్చేటప్పుడు నిన్నూ నీ పెట్టెనూ ఎక్కించుకొస్తాడు. సోమవారం నుంచి బడి.

ఇట్లు
ఆంజనేయప్ప

తా.క. టెంపోలో పెద్దమ్మ కూడా వస్తోంది. దారి పొడుగునా నువ్వొక్కదానివే ఏడవకూడదని.


బెంగళూరు,
4-11-2006

పెదనాయనకు అంబిక సాష్టాంగ నమస్కారం.

టెంపో వచ్చింది. పెద్దమ్మ నా గదికి రాకుండా నేరుగా మేడం ల్యాబుకే వెళ్ళింది. నేను పరుగెత్తేసరికి మేడం చేతిలో మీ ఉత్తరాలు రెండూ ఉన్నాయి, పక్కన పురుషోత్తమ్ సారు ఉన్నారు. తడిగాలిలో దారం ఎట్లా ఆరుతుందన్నది తన లెక్క అని సారు అంటున్నారు. ఆ గాలికి పురుగు తల తిప్పే తీరు మారుతుందేమో, అది తన ప్రాణం అని మేడం అంటున్నారు. నేను నాలుగు నెలలు వెతికిన ప్రశ్న వాళ్ళిద్దరి మధ్య బల్ల మీద ఉంది.

పెద్దమ్మ కాసేపు విని, "ఇద్దురూ ఒకే బిల్డింగులో ఉండారు కదా, ఇన్నాళ్ళూ ఒకర్నొకరు అడగనేలేదా?" అంది. ఇద్దరూ సంతకాలు పెట్టేశారు. నా సీటు గట్టిపడింది పెదనాయనా!

ఇంకొక సంగతి. ఆ ఫారంలో మూడో సంతకం ఒకటుంది. బయటి నుంచి ఒక సలహాదారు ఉండాలట. వాళ్ళిద్దరూ అక్కడ మీ పేరు రాశారు. ఇకమీదట ఆరు నెలలకోసారి నా పని సరిగా సాగుతోందని మీరు ఒప్పుకుంటేనే నేను ముందుకు పోతాను. ఫారం జత చేశాను. గుర్తు పెట్టిన చోట సంతకం చేసి పంపండి.

ఇట్లు
మీ విద్యార్థిని అంబిక

తా.క. సలహాదారు విద్యార్హత ఏమిటని అడిగితే పెద్దమ్మ "ఏడో తరగతి, అది గూడా రెండు తూర్లు" అని చెప్పేసింది. మేడం అట్లాగే రాసుకున్నారు. ఎవరూ నవ్వలేదు. నేనే నవ్వాను, ఆపైన ఏడ్చాను. పెద్దమ్మ వచ్చిన పని వృథా కాలేదు.