తొడిమలు తీయని తంగేడు

30-9-2013, సోమవారం
ధనియాల డబ్బాలో రెండు గుప్పెళ్లు తక్కువ. సుగంధి వేళ్ల కట్టకున్న ముడి నేను వేసింది కాదు. పాల్మాకులలోని ఈ ఇంట్లో ఉండేది నేనూ, మనవరాలు ప్రియదర్శినీ. ఆమెకు ఎయిర్‌పోర్ట్ దగ్గరి హోటల్లో ఉద్యోగం. సర్వీస్ అని చెప్పింది. ధనియాలతో ఆమెకేం పని?

1-10
పొద్దున్నే కవర్ నిండా తంగేడు పూలు తెచ్చింది. బతుకమ్మకు ఇంకా మూడు రోజులున్నాయన్నాను. ఊకె తెచ్చిన నానమ్మా, పూలకు గూడ హాజరు తీస్తవా అని నవ్వింది. సాయంత్రానికి పూలు లేవు. చెత్తబుట్టలోనూ లేవు.

2-10, ఉదయం 11
దొరికింది. కుక్కర్ అట్టపెట్టెలో, టవల్ చుట్టిన సీసా. లేబుల్ మీద జిన్ అని ఉంది. లోపల నా ధనియాలు, నా సుగంధి వేళ్లు, ఆ తంగేడు పూలు నానుతున్నాయి. గాంధీ జయంతి నాడు, నా ఇంట్లో మందు!
ఎంతవరకు ఉందో లేబుల్ మీద పెన్సిల్‌తో గీత పెట్టి, మళ్లీ అలాగే చుట్టేశాను.

3-10
గీత కంటే అర వేలు తగ్గింది. తాగుతోంది. ఆదివారం కొడుకు మల్లేశ్వర్ వస్తాడు. ఉద్యోగం మాన్పించి నీ కూతుర్ని తీసుకుపో అని చెబుతాను.

4-10, సాయంత్రం
సీసా ఎదురుగా పెట్టి అడిగాను. ఏడవలేదు. పని చేసేది బార్లనే, చెప్తె పంపుతుంటివా అని నన్నే నిలదీసింది. మంగళవారం హోటల్లో పోటీ అట. ఇంటి రుచులతో ఎవరి జిన్ బాగుంటే వాళ్లు పర్మనెంట్. మిగతావాళ్ల కాంట్రాక్ట్ ఈ నెలతో సరి. చెంచతోని చూసి ఉమ్మేస్తున్న నానమ్మా, అంత మంచిగనే ఉంది, ఆఖర్ల చేదొస్తుంది, ఏందో దొర్కుత లేదు అంది.
ముప్పై ఏళ్లు హైస్కూల్లో సైన్స్ చెప్పాను. ఇంతకంటే చక్కగా అల్లిన సాకులు విన్నాను.

5-10, మధ్యాహ్నం 3
ఆమె డ్యూటీకి వెళ్లింది. నిజం తేల్చడానికి ఒకటే మార్గం. ఒక చెంచా. అరవై ఎనిమిదేళ్లలో మొదటిది.
ముందు నాలుక మండింది. తర్వాత అప్పుడే చెక్కిన దేవదారు వాసన. దాని వెనుక ధనియాలు, నిమ్మతొక్కలా. ఆ పైన సుగంధి వేళ్లు, తడిసిన మట్టిలా చల్లగా. ఏదీ మరొకదాన్ని తొక్కలేదు. మందు ఇలా ఉంటుందనుకోలేదు. మింగాక, గొంతు చివర, చేదు. ఉంది. పిల్ల అబద్ధం చెప్పలేదు.
పూలను వడగట్టి చూశాను. అన్నీ తొడిమలతోనే ఉన్నాయి! బతుకమ్మ పేర్చడానికి తెంపినట్టే తెంపింది. పేర్చడానికి తొడిమ కావాలి. షుగర్ కోసం నేను కాచుకునే తంగేడు నీళ్లలో రెక్కలు తప్ప ఏమీ వేయను. పేర్చడం నేర్పింది నేనే. ఇది నేర్పలేదు.

6-10, ఆదివారం
పొద్దుటి నుంచి ఇద్దరం కూర్చుని కొత్తగా తెంపుకొచ్చిన తంగేడు రెక్కలు ఒలిచాం. ధనియాలు, సుగంధి వేళ్లతో పాటు కొత్త జిన్ సీసాలో వేసింది. మల్లేశ్వర్ వచ్చి, పిల్ల నౌకరి ఎట్లున్నదమ్మా అని అడిగాడు. సర్వీస్ బాగానే ఉందట అన్నాను.

8-10
చేదు లేదట. సీసాలో సగం పోటీకి పట్టుకుపోయింది. మిగతా సగానికి గీత పెట్టాను.

10-10
పర్మనెంట్ ఆర్డర్ చూపించింది. సంతకం, ముద్ర సరిచూశాను.
సీసా గీత కంటే రెండు చెంచాలు తక్కువ. ప్రియదర్శిని ముట్టలేదు.