రెండు గంటల ముసుగు

లీడ్స్,
1979 జనవరి 6

నా థెల్మాకి,

ఈ క్రిస్మస్‌కీ నీ కార్డు వచ్చింది. లోపల మళ్ళీ అదే వాక్యం. "అంతమందిలో నా చెయ్యి పట్టుకున్నదానివి నువ్వొక్కదానివే, ఎనీ." ఇది మూడోది. మొదటి రెండూ చదివి సొరుగులో పడేశాను. దీన్ని మాత్రం పడెయ్యలేకపోయాను. రెండు వారాలుగా వంటింటి బల్ల మీద నాకెదురుగా నిలబడి ఉంది. టీ తాగుతున్నా అదే కనిపిస్తుంది, టోస్టుకి వెన్న రాసుకుంటున్నా అదే. ఇవాళ క్రిస్మస్ అలంకరణలన్నీ తీసెయ్యాల్సిన రోజు కదా. అన్నీ తీసి పెట్టెలో సర్దాను. నీ కార్డు దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆడలేదు. అందుకే కూర్చుని ఇది రాస్తున్నాను.

జరిగిందంతా నీకు తెలుసు. కానీ నావైపు నుంచి అది ఎలా జరిగిందో నువ్వెప్పుడూ వినలేదు.

డెబ్భై ఆరు మే నెలలో నువ్వు స్టూడియో క్యాంటీన్లోకి పరుగెత్తుకొచ్చి, నా చేతిలో టీ కప్పు ఒలికిపోయేలా నన్ను వాటేసుకుని, "ఎనీ, హానా వేషం నాకిచ్చారే!" అన్నావు. పదిహేనేళ్ళుగా టీవీలో చిన్నచిన్న వేషాలే నీకు. నర్సువి, ఇంటి యజమానురాలివి, పోలీసు సీరియళ్ళలో మూడుసార్లు శవానివి. మూడోసారి తుమ్మి సీను పాడుచేశావు కూడా. అలాంటి నీకు మిల్లు సీరియల్లో పదమూడు ఆదివారాలూ నీ చుట్టూనే తిరిగే పాత్ర. సెప్టెంబరులో మొదలు. నీకంటే నేనే ఎక్కువ ఏడ్చాననుకుంటా.

ఆ మిల్లుకీ, అంతరిక్షం సీరియల్ "ఏడో కక్ష్య"కీ నిర్మాత డెస్మండ్ పాలిస్టరే. చూసేవాళ్ళకి అవి రెండు లోకాలు. మనకి అవే దీపాలు, అవే గోడలు, అదే ముప్ఫైమంది. పొద్దున పాదిరీగా ప్రార్థన చెప్పినవాడే మధ్యాహ్నం ఆకుపచ్చ రంగు పూసుకుని భూమిని బూడిద చేస్తానని బెదిరించేవాడు. ఇంకో సీరియల్లో డచెస్ వేషానికి కప్పిన పాత మఖమలు శాలువాకి వెండిరంగు కొట్టి నీకు రాణి వస్త్రం తయారుచేశారు. "సెప్టెంబరు దాకా గోళ్ళు గిల్లుకుంటూ ఎందుకు డార్లింగ్? రెండు ఎపిసోడ్లు బల్లిజాతి రాణిగా చేసిపెట్టు. అందరూ మనవాళ్ళేగా," అన్నాడు నీతో. హానాని ఇచ్చిన మనిషికి కాదని ఎలా చెప్తావు?

ముసుగు అతికించే జిగురు కొత్తది. నీ మేకప్ చేసేది నేనే కాబట్టి ముందురోజు నీ చెవి వెనక చుక్క పెట్టి పరీక్షించాను. మర్నాడు చూస్తే అక్కడ తెల్లగా, నున్నగా ఉంది. "నీది దున్నపోతు చర్మమే," అన్నాను. నువ్వు నవ్వావు.

దేశమంతా చుక్క నీటికి కటకటలాడిన వేసవి అది. దీపాల కింద మేం మామూలు బట్టల్లోనే ఉడికిపోతున్నాం. నువ్వు రబ్బరు ముసుగులో ఉన్నావు. నాలుగు కాకముందే నా మణికట్టు పట్టుకున్నావు.

"ఎనీ, మండుతోందే."

"ఎక్కడ?"

"ఎడమ కంటి కింద. ఉత్త మంట కాదు. ఏదో కొరుకుతున్నట్టుంది."

డెస్మండ్ దగ్గరికి వెళ్ళి ముసుగు తీసెయ్యాలన్నాను.

"తీసి మళ్ళీ పెట్టాలంటే ఎంతసేపు?"

"మూడు గంటలు."

"ఆరింటికి స్టూడియో ఖాళీ చెయ్యాలి ఎనిడ్. ఒక్క షాటు. ఇరవై నిమిషాలు." ఆ తరవాత గొంతు తగ్గించాడు. "మిల్లుకి మేకప్ విభాగం నీ చేతిలో పెడదామనుకుంటున్నా. అయినదానికీ కానిదానికీ కంగారుపడేవాళ్ళు నాకు పనికిరారు."

ఇరవై నిమిషాలు రెండు గంటలయ్యాయి. ఆపండి అనే ఒక్క మాట నేను అనగలను. ఆ హక్కు నాకుంది. అనలేదు. నీ పక్కనే నిలబడి, "ఇంకొంచెం ఓర్చుకో తల్లీ," అంటూ నీ చెయ్యి పట్టుకున్నాను. నీ కార్డులో ఉన్న చెయ్యి అదే. ఆఖరికి ముసుగు తీసినప్పుడు దాంతోపాటు ఏం ఊడొచ్చిందో నువ్వు చూడలేదు. నేను చూశాను.

ఇది సగమే. నువ్వు ఆస్పత్రిలో ముఖానికి కట్టుతో ఉండగా డెస్మండ్ నన్ను పిలిచి టైపు చేసిన కాగితం ముందు పెట్టాడు. పరీక్షలోనే నీకు దద్దురు లేచిందట. వేషం పోతుందన్న భయంతో నువ్వు దాన్ని పౌడరుతో కప్పి, నాకు చెప్పలేదట. "ఇది అబద్ధం. నేను నా కళ్ళతో చూశాను," అన్నాను. "అలా చెయ్యని నటి ఎవరు చెప్పు? నీకు కనబడలేదంతే. కంపెనీ తప్పు లేదని తేలాలి. తేలకపోతే తప్పెవరిదవుతుంది? జిగురు పూసిన చెయ్యి ఎవరిది?" అన్నాడు. తన కలమే అందించాడు. సంతకం పెట్టాను.

ఆ కాగితం చూపించి కంపెనీ చేతులు దులుపుకుంది. హానా వేషం ఫెలిసిటీ వేన్‌కి వెళ్ళింది. మేకప్ విభాగం నాకొచ్చింది. నీ ముఖం ఉండాల్సిన చోట ఆ పిల్ల ముఖానికి నా చేతులతో రంగు వేశాను. నువ్వు మాత్రం ఏటా నాకు కృతజ్ఞతలు చెప్తున్నావు.

ఇక నావల్ల కాదు. యూనియన్ ఆఫీసుకి వెళ్ళి ఆ కాగితం అబద్ధమని రాసిస్తాను. ముందు నీకు చెప్పాలనిపించింది. తిట్టాలనుంటే తిట్టు. ఏదో ఒకటి రాయి.

నీ
ఎనిడ్ హోల్‌రాయిడ్


లీడ్స్,
1979 జనవరి 29

థెల్మా,

నీ దగ్గర్నుంచి జవాబు లేదు. ఊరంతా సమ్మెలు, వీధుల్లో చెత్త గుట్టలు. ఉత్తరం ఎక్కడైనా ఆగిపోయిందేమో అనుకుంటున్నాను. అనుకోవడం తేలిక కదా.

డెస్మండ్‌కి చెప్పేశాను. పంది మాంసం పేస్ట్రీ తింటున్నాడు, ఆపలేదు.

"మూడేళ్ళ తరవాత ఇప్పుడు గుర్తొచ్చిందా?"

"రోజూ గుర్తే ఉంది."

"సరే, వెళ్ళు. ఆ తరవాత పనికి ఎక్కడికి పోతావ్? రాకెట్లు తీసేదీ మేమే, మిల్లులు తీసేదీ మేమే. ఆ ఆస్పత్రులూ పోలీస్ స్టేషన్లూ కూడా మేమే. ఒక తలుపు మూస్తే అన్నీ మూసుకుంటాయి, డార్లింగ్."

కోపంగా కూడా అనలేదు. వాతావరణం గురించి చెప్తున్నట్టు చెప్పాడు. అయినా ఫిబ్రవరి తొమ్మిదిన యూనియన్ కార్యదర్శిని కలుస్తానని కబురు పెట్టాను. ఈలోగా నీ నుంచి ఒక్క ముక్క వస్తే బాగుండును.

ఎనిడ్


విట్బీ,
1979 ఫిబ్రవరి 3

ఎనిడ్,

రెండు ఉత్తరాలూ అందాయి. ఆలస్యానికి సమ్మెలు కారణం కాదు. నేనే రాయలేదు.

ఆ కాగితం సంగతి నాకు తెలియదనుకున్నావా? పరిహారం కోసం నేను పెట్టిన అర్జీ తోసేస్తూ కంపెనీ పంపిన జవాబుకి దాని నకలు జత చేశారు. గుండ్రటి 'E'తో నీ సంతకం. డెబ్భై ఆరు అక్టోబరులోనే చదివాను. ఆ డిసెంబరులో మొదటి కార్డు కొన్నాను. ఆ వాక్యం ఊరికే రాలేదు. పెన్సిలుతో చిత్తు రాసుకున్నాను. నిన్ను తిడితే నీకు హాయిగా ఉండేది. అందుకే థాంక్స్ చెప్పాను. ఏటా కార్డు పోస్టు డబ్బాలో వేసి ఇంటికొస్తుంటే ఒంట్లోకి కాస్త వేడి వచ్చేది. నేనూ ఇలాంటిదాన్నే అయ్యాను.

ఇక అసలు సంగతి. నువ్వు సంతకం పెట్టిన కాగితంలో ఉన్నది నిజమే.

ఆ పొద్దున నీకంటే అరగంట ముందు వచ్చాను. చెవి వెనక పెన్నీ బిళ్ళంత, కాదు, అంతకంటే పెద్దదే, ఎర్రగా పొంగి ఉంది. రాత్రంతా దురదకి నిద్ర లేదు. నీ డబ్బాలో పౌడరే తీసి, నీ స్పాంజితోనే అద్దాను. రెండు పూతలు. నువ్వొచ్చి చూసి దున్నపోతు చర్మమన్నావు. నిజం చెప్తే డెస్మండ్ ఇంకొకర్ని రాణిని చేస్తాడు. ఒకసారి నా బదులు ఇంకొకర్ని పెట్టుకోవడం అలవాటైతే సెప్టెంబరులో హానాకి కూడా అదే చేస్తాడు. నా భయం అదే. శవంగా పడుకుని తుమ్మిన మనిషికి అవకాశాలు రెండోసారి రావు ఎనీ.

డెస్మండ్ చీకట్లో రాయి విసిరాడు. తగిలింది. అతనికీ తెలియదు, నీకూ తెలియదు. నాకొక్కదానికే తెలుసు. కంపెనీ జవాబు చదివి ఎందుకు మారు మాట్లాడలేదనుకున్నావు?

నిన్ను క్షమించానని చెప్పడానికి ఇది రాయడం లేదు. నువ్వు రాసింది నిజమే అయినా, అబద్ధమని నమ్మి రాశావు. నా ముఖానికి కట్టు విప్పకముందే రాశావు. అది నాకు మింగుడు పడలేదు, పడదు. ఇంకో సంగతి కూడా ఉంది. నన్ను కాల్చింది చెవి వెనక దద్దురు కాదు, ఆ రెండు గంటలు. మండుతోందని నేను చెప్పాను, నువ్వు విన్నావు. నీ కాగితంలో దాని గురించి ఒక్క అక్షరం లేదు.

ఇక్కడ మా అక్క మ్యూరియల్ నడిపే బోర్డింగ్ హౌస్‌లో ఉంటున్నాను. పొద్దున గుడ్లూ బేకనూ వేయిస్తాను, పక్కలు సర్దుతాను. ఎడమ కన్ను సగమే మూతపడుతుంది. శీతాకాలం గాలికి నీళ్ళు కారతాయి. ఆదివారాలు అతిథులు ముందుగదిలో మిల్లు సీరియల్ మళ్ళీ వేస్తుంటే చూస్తారు. నేను టీ ట్రే పట్టుకుని వాళ్ళ మధ్యలోంచి వెళ్తుంటాను. ఒకావిడ, "ఉష్, హానా మాట్లాడుతోంది," అని నన్నే కసిరింది. ఫెలిసిటీ బాగానే చేసింది. ఏడుపు అదే. చెడ్డగా చేసుంటే నాకు నిద్ర పట్టేది.

తొమ్మిదో తారీకున నువ్వు వెళ్ళి, థెల్మా ఏమీ దాచలేదని రాస్తే, ఈసారి నిజంగా అబద్ధం చెప్పినదానివవుతావు. ఏదో ఒకటి రాసితీరాలనుంటే మొత్తం రాయి. "ఆమె దద్దురు దాచింది. మండుతోందని చెప్పింది. నేను విని కూడా రెండు గంటలు ఆపలేదు. చూడకుండానే ఆమె మీద నింద వేసే కాగితానికి సంతకం పెట్టాను." ఇలా రాస్తే నాకు పెన్నీ రాదు, డెస్మండ్‌కి వెంట్రుక ఊడదు, నీకు ఉద్యోగం పోతుంది. నన్ను కాపాడినదానివి కూడా కావు. అయినా రాస్తావా? రాయవనే అనుకుంటున్నాను.

ఇక్కడికి మాత్రం రాకు. వస్తే తలుపు తీస్తాను, టీ ఇస్తాను. నా భయమల్లా అదే.

థెల్మా బ్రియర్లీ


ఆట్లీ,
1979 మే 20

థెల్మా,

రాశాను. నువ్వు చెప్పిన నాలుగు ముక్కలూ, నువ్వు చెప్పిన వరసలోనే. కార్యదర్శి కళ్ళజోడు తీసి తుడుచుకుని రెండుసార్లు చదివాడు.

"దీనివల్ల మిస్ బ్రియర్లీకి మేలేమైనా ఉందా?"

"లేదు."

"మీకు?"

"లేదు."

"మరి నేను దీన్ని ఏం చెయ్యాలమ్మా?"

ఫైల్లో పెట్టమన్నాను. పెట్టాడు. అంతే. గంట కొట్టలేదు, ఎవర్నీ పిలిపించలేదు. బయటికొస్తే మంచు పడుతోంది. బస్సు కోసం నలభై నిమిషాలు నిలబడ్డాను. మనసు తేలికపడుతుందని ఎవరో చెప్పగా విన్నాను. పడలేదు. కాళ్ళు మాత్రం గడ్డకట్టాయి.

డెస్మండ్ మాట నిలబెట్టుకున్నాడు. మార్చిలో మిల్లు రెండో భాగానికి నన్ను పిలవలేదు. అంతరిక్షంవాళ్ళూ పిలవలేదు. ఆస్పత్రి సీరియల్‌కి ఫోన్ చేస్తే, ఇరవై ఏళ్ళు నా పక్క కుర్చీలో పనిచేసిన మనిషి నా గొంతు గుర్తుపట్టనట్టు మాట్లాడాడు. అతని తప్పేముంది, అతనికీ ఆ ముప్ఫైమందే లోకం.

ఇప్పుడు ఇక్కడ ఒక బ్యూటీ సెలూన్లో చేస్తున్నాను. వారం మధ్యలో ముసలమ్మల జుట్టు, శనివారం పెళ్ళికూతుళ్ళు. నిన్నొక పెళ్ళికూతురికి మేకప్ అంతా పూర్తయింది. బయట కారు ఎదురుచూస్తోంది. "కాస్త చురుక్కుమంటోందండీ," అంది. ఒక్క మాట అడక్కుండా మొత్తం కడిగేశాను. దద్దురు లేదు, మచ్చ లేదు, గది వేడికి అలా అనిపించిందట. వాళ్ళమ్మ నన్ను నోటికొచ్చినట్టు తిట్టింది. పెళ్ళికి ఆలస్యమైంది. ఆ పిల్ల ఉత్త ముఖంతో, కళ్ళ చుట్టూ తడితో, కారెక్కి వెళ్ళిపోయింది.

ఎనిడ్