నూట ఎనభై ఏడు

అనకాపల్లి,
9 ఆగస్టు 2025.

చిరంజీవి సౌభాగ్యవతి పావనికి,

శ్యామలక్క ఆశీస్సులు. ఇక్కడ మేమంతా కులాసా. మీ ఇంట్లోనూ అంతా కులాసా అనుకుంటాను. మర్యాద ఇక్కడితో సరి. ఫోనులో అయితే అరుస్తానని ఉత్తరం రాసి మా అటెండర్ త్రినాధరావు చేత పంపుతున్నాను.

గురువారం లెక్కల ప్రదర్శనలో జడ్జివి నువ్వు. మా కాలేజీలో నా దగ్గర లెక్కలు చదివే హాసిని చార్టు మీద 7, 37, 67, 97, 127, 157 అని రాసింది. ముప్పై తేడాతో అంకశ్రేఢి, ఆరూ ప్రధాన సంఖ్యలే. తర్వాత వచ్చే 187 దగ్గర వరస తెగిపోతుందనీ రాసింది. దేవరాపల్లి బస్సులో వస్తూ పోతూ, నెల రోజులు భాగించి భాగించి పట్టుకుంది. నువ్వేమో చేతిలో కాగితం చూసి, 187 కూడా ప్రధాన సంఖ్యే, ఎక్కడో చూసి సగమే కాపీ కొట్టావు అన్నావు. అందరి ముందూ ఎర్ర పెన్నుతో చార్టు కొట్టేశావు.

పదకొండు పదిహేడ్లు ఎంత పావనీ? రెండు, మూడు, అయిదు, ఏడుతో భాగించి చేతులు దులుపుకోవడం మనందరికీ అలవాటే. నూట ఇరవై లోపు అది చాలు. ఆపైన పదకొండు, పదమూడుతో కూడా చూడాలని తెలియదా? పన్నెండేళ్ళుగా పాఠం చెప్తున్నావు, సిగ్గనిపించలేదా? నాకు ఒళ్ళు మండిపోతోంది.

నిన్న హాసిని నాన్న దేముడు చెరకు తోటలో పని ఆపుకుని కాలేజీకి వచ్చాడు. లెక్కలు సెప్పే మేడమే దొంగతనమంటే ఇంకేటి సదువుతాదమ్మా, గ్రూపు మార్చీండి అన్నాడు. ఆ అప్లికేషన్ ప్రిన్సిపాల్ గారి బల్ల మీదుంది. సోమవారం సంతకం పడితే ఆ పిల్లకి ఇక లెక్కలు లేవు.

రేపు ఆదివారం. దేవరాపల్లి వెళ్ళి, తప్పు నాదేనని ఆ పిల్లతో చెప్పు. చెప్పకపోతే నా గడప తొక్కకు.

ఇట్లు,
శ్యామలాదేవి

తా.క.: నీ చేతిలోని ఆ కాగితం నాది. నువ్వు ఉద్యోగంలో చేరిన కొత్తలో రెండొందల లోపు ప్రధాన సంఖ్యలన్నీ నేనే రాసిచ్చాను. అక్క రాసింది కదా అని నువ్వు మళ్ళీ చూసుకోలేదు. 187 నా దస్తూరీలోనే ఉంది. నేనూ ఏడు దాటి భాగించలేదు. గురువారం నీ వెనకాల నిలబడి ఆ కాగితాన్ని గుర్తుపట్టాను. గుర్తుపట్టే నోరు మూసుకున్నాను. నువ్వు వెళ్ళనక్కర్లేదు, రేపు మొదటి బస్సుకి నేనే వెళ్తున్నాను. నువ్వు చార్టు కొట్టేస్తున్నంతసేపూ హాసిని నా వైపే చూసింది.