చివరి వరుసలో అక్క

లూనెన్‌బర్గ్, నోవా స్కోషియా

హిల్డా అక్కకి,

ఫోన్ చేస్తే మధ్యలో పెట్టేస్తావు, అందుకే ఉత్తరం. శుక్రవారం సాయంత్రం కంప్యూటర్‌లో మన క్రిబేజ్ పేకాటకి రావడం మానేశావు. టీ చల్లారేదాకా తెర ముందు కూర్చుంటున్నాను. నేను నీ దగ్గరికి రాబోయినా దారి మూసి ఉంది. వసంతంలో వచ్చినప్పుడు కంప్యూటర్‌లోకి ఎవర్ని రానివ్వాలో, ఎవర్ని ఆపాలో చూసే ఆ ఫైర్‌వాల్ నా నెత్తిన పెట్టింది నువ్వే. ఓడిపోతుంటే ఆడనని చెప్పొచ్చుగా!

నీ తమ్ముడు,
లోర్న్

తా.క. నువ్వు మర్చిపోయిన గొడుగు పంపను.

సాస్కటూన్

మహారాజశ్రీ వకీలు తమ్ముడికి,

నేను రావడం లేదా? ప్రతి శుక్రవారం వస్తున్నాను, నీ కంప్యూటరే నన్ను గెంటేస్తోంది. పైగా ఎర్రక్షరాలతో! ఆ ఫైర్‌వాల్ తెరిచి, రానివ్వాల్సినవాళ్ళలో నన్ను చేర్చమని చిలక్కి చెప్పినట్టు చెప్పాను. చేర్చావా? నాన్న పడవ నీకే దక్కింది. కనీసం పేకాటకైనా నన్ను రానివ్వవా?

ఒళ్ళు మండుతున్న
హిల్డా

తా.క. గొడుగు ఉంచుకో. పడవలోకి నీళ్ళొస్తున్నాయట, పనికొస్తుంది.

లూనెన్‌బర్గ్

అక్కకి,

చేర్చాను! మొదటి వరుసలో "ఎవరూ రాకూడదు, ఏదీ పోకూడదు" అని పెట్టాను. చిట్టచివర "మా అక్కకి మాత్రం రాకపోకలు ఉండొచ్చు" అని పెట్టాను. నలభై ఏళ్ళు వీలునామాలు రాసినవాణ్ణి, చివర రాసిందే చెల్లుతుందని నాకు తెలీదా? అది నీకిచ్చిన గౌరవం. దాన్నీ తప్పుపడితే నేనేం చెయ్యను?

విసిగిపోయిన
లోర్న్

తా.క. పడవలో నీళ్ళు లేవు. కొంచెం చెమ్మ, అంతే.

సాస్కటూన్

ఒరేయ్ లోర్న్,

నీ వీలునామాలు నీ దగ్గరే పెట్టుకో! ఫైర్‌వాల్ సహాయం పేజీ ఇవాళే మొదటిసారి పూర్తిగా చదివాను. అది పైనుంచి చదువుతుందట. సరిపోయే మొదటి వరుస దొరగ్గానే దాన్నే పాటిస్తుంది, కిందికి చూడనే చూడదు. నీ మొదటి వరుస లోకంలో అందరినీ ఆపేస్తోంది, అందులో నేనూ ఉన్నాను. నా వరుస పక్కన పై బాణం ఉంటుంది. అది అన్నిటికన్నా పైకి చేరేదాకా నొక్కు.

అక్క,
హిల్డా

తా.క. అది చదివాక అనుమానమొచ్చి నా కంప్యూటర్ కూడా చూసుకున్నాను. నీకింకా ఫైర్‌వాల్ లేని రోజుల్లో, పడవ గొడవప్పుడు, "లోర్న్ రాకూడదు" అని నేనూ ఒక వరుస పెట్టాను. అయినా శుక్రవారం కాగానే నువ్వు ప్రత్యక్షం! గోడ బద్దలుకొట్టుకుని మరీ వస్తున్నాడు, నేనంటే వీడికెంత ప్రాణమో అనుకుని కోపం చంపుకున్నాను. తీరా చూస్తే ఆ వరుస అట్టడుగున ఉంది. దాని పైన "అందరూ రావచ్చు" అని ఉంది! నువ్వేమీ బద్దలుకొట్టలేదురా, మోసగాడా! పడవ మీద కోపమంతా మళ్ళీ తన్నుకొచ్చింది. ఈ శుక్రవారం ఆలస్యంగా వచ్చావో, నా దగ్గరా పై బాణం ఉంది.