పిట్ట పెట్టెలో నా పూలు

మార్చి 3
పెట్టె మళ్ళీ కూసింది. టీవీ కింద నల్లగా ఉంటుందే, అది. ఇంట్లో అందరి ఫోన్లలోని ఫోటోలూ మెసేజ్‌లూ వాటంతటవే వచ్చి అందులో పడేట్టు నా కూతురు పిట్ట పెట్టింది. తను సర్వర్ అనేది. నాకు పెట్టె. ఎర్ర లైటు పోవడం లేదు.

పిట్ట పోయి రెండు నెలలు. బండి మీంచి పడ్డప్పుడు దాని ఫోను అద్దం పగిలింది. వేలు పెడితే కదలదు. చార్జింగు మాత్రం ఎక్కుతుంది. దీపంలా ఆరనివ్వకుండా చూసుకుంటున్నా. అందులోవి బయటికి రావాలంటే పెట్టెలోకే రావాలి. రావడం లేదు.

మార్చి 5
తమ్ముడొచ్చాడు. కంప్యూటర్ షాపులో చేస్తాడు. ఇది పాడవలేదక్కా, నిండిపోయింది, ఎవరు నింపారో చూద్దాం అన్నాడు. చూశాడు. "అమ్మ" అని ఒక ఫోల్డర్. సగానికి పైగా నేనే. గుడ్ మార్నింగ్ గులాబీలు. నవ్వే సూర్యుడు. ఒకే గులాబీ పదిమంది పంపితే పదీ. పూలకొట్టు పెట్టుకోవే అక్కా అని తమ్ముడు నవ్వాడు. తర్వాత నవ్వడం మానేశాడు.

అంటే పిట్ట ఫోను ఇన్నాళ్ళూ గుమ్మంలో నిలబడే ఉంది. కుర్చీలన్నిట్లో నా పూలు కూర్చున్నాయి.

తల ఎక్కడ పెట్టుకోను.

అదే రోజు, సాయంత్రం
ఆయన అడిగారు, మీ తమ్ముడేమన్నాడని. పెట్టె పాడైందట అన్నా. నోట్లోంచి వచ్చేసింది. అయితే పాత సామాన్లవాడికి ఇచ్చెయ్, కళ్ళెదురుగా ఉంటే నా వల్ల కావట్లేదు అన్నారు. నేను గుడ్డ తెచ్చి పెట్టె తుడుస్తూ కూర్చున్నా.

మార్చి 7
నా చెత్తంతా తీసి పారెయ్యరా అన్నా తమ్ముడితో. ఆగక్కా అన్నాడు. ఆ గులాబీల మధ్యే పిట్ట నాకు పంపిన వాయిస్ మెసేజ్‌లున్నాయి. అమ్మా తాళం ఎక్కడ పెట్టావ్. అమ్మా తిన్నావా. ఒక్కోటీ ఏరుతూ కూర్చుంటే ఈలోగా ఆ ఫోను చస్తుంది అన్నాడు. అని నాలుక కరుచుకున్నాడు.

పెద్ద డిస్కులు తెచ్చాడు. పెట్టెలో రెండుంటాయి, ఒకదాంట్లో ఉన్నదే రెండోదాంట్లోనూ. ఒకటి పీకి పెద్దది పెట్టాడు. పక్కదాన్ని చూసి కొత్తది రాసుకుంటుందట. అయ్యాక రెండోదీ మారుస్తాడట. అప్పటిదాకా స్విచ్ ముట్టుకోకే తల్లీ అని చెప్పిందే చెప్పి వెళ్ళాడు.

మార్చి 8
ఇల్లు తుడిచి, అలవాటుగా స్విచ్‌లన్నీ ఆపేశా.

మార్చి 8, మధ్యాహ్నం
తమ్ముడు ఫోన్లో తిట్టలేదు. తిడితే బావుండేది. ఏం పోలేదట, మళ్ళీ మొదట్నించి రాసుకుంటుందట. స్విచ్ మీద ప్లాస్టర్ అంటించా. పాడైన పెట్టెకి ప్లాస్టరెందుకే అన్నారు ఆయన. చెప్పేశా. పాడవలేదండీ, నేనే నింపేశా, మన పిల్లకి చోటు లేకుండా చేశా అని. ఆయన ఇంకో ముక్క ప్లాస్టర్ చింపి, నా దాని మీదే అంటించారు.

మార్చి 11
రెండో డిస్కూ మారింది. తమ్ముడు ఏదో నొక్కాడు, చోటు పెరిగింది. ఎర్ర లైటు పోయింది. పిట్ట ఫోను పెట్టె పక్కన పెట్టా. కాసేపటికి దాంట్లోని ఫోటోలు పెట్టెలోకి రావడం మొదలైంది.

అన్నీ నావే. సింకు దగ్గర నా వీపు. నోరు తెరిచి నిద్రపోతున్న నేను. కళ్ళజోడు ముక్కు చివరికి జారి, ఫోన్లోకి చూస్తూ నాలో నేను నవ్వుకుంటున్న నేను.

నేను పూలు చూస్తున్నా. అది నన్ను చూస్తోంది.

మార్చి 12
పొద్దున్నే పిట్ట నంబరుకి ఒక గులాబీ పంపా. పక్కనే మోగింది.

ఇప్పుడు చోటుంది కదా.