పడక పైన స్పీకర్

నాంపల్లి

బావగారికి నమస్కారం.

మీ ఎదుట మాట్లాడటానికి నాకు జంకు. ఫోన్ చేస్తే ఉన్న ఒక్క గదిలో ఆయన వింటారు. అందుకే రాసి పంపుతున్నాను.

అబిడ్స్ షాపులో మీ తమ్ముడు ఒక క్యారవాన్‌కి పడక పైన స్పీకర్ బిగించబోతే, "చెక్కకు బెజ్జాలేస్తే ఖరాబైతది, టేపుతో అంటించు" అన్నాడట బండి ఓనరు. ఈయన సరేనన్నారు. దారిలో బ్రేకు వేసినప్పుడు అది ఊడి, కింద పడుకున్న ఓనరు కూతురి తలపై పడింది. స్పృహ లేని పాపను దవాఖానలో చేర్చారు.

ఆ తర్వాత ఈయన మా గోడలకున్నవన్నీ దింపేశారు, గడియారం కూడా. "పాప లేస్తది గదా?" అని రోజూ అడుగుతారు. ఔనంటాను.

ఈ పొద్దున ఆయనకొచ్చిన ఫోన్ నేను ఎత్తాను. పాప పోయింది. ఆ మాట నా నోట రావడం లేదు. సాయంత్రం బత్తాయిలు తీసుకుని దవాఖానకు పోదామంటున్నారు. ఆలోపే రండి.

మీ మరదలు